వేరు పొయ్యి

పోయిన వారం మీరు నన్ను మా ఇంటి వెనక చెక్కల కొట్టం ముందు నిలబెట్టి పత్రిక మూసేశారు. మీకేం, మూసేసి మీ పని మీరు చూసుకున్నారు. నేను మాత్రం చేతిలో ట్రంకుపెట్టె, భుజాన సంచి పట్టుకొని వారం నుంచి అక్కడే నిలబడి ఉన్నాను.

కొత్తగా చేరినవాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. నా పేరు పర్శరాములు. నిర్మల్‌లో కొయ్యబొమ్మలు చేసే ఇంటివాణ్ణి. చెక్క మీద లక్క నునుపు ఎక్కించే విద్య నేర్చుకు రమ్మని సర్కారు నన్ను రెండేళ్లు జపాన్ పంపింది. అరవైనాలుగు ఎండాకాలంలో తిరిగి ఇల్లు చేరాను. చూస్తే నా భార్య గంగుబాయి ఇంట్లో లేదు. కొట్టం చూరు కింద మూడు రాళ్లు పెట్టుకొని, పిడికెడంత కుండలో ఒక్క మనిషికి సరిపడా అన్నం వండుకుంటోంది. నన్ను చూసింది. చూసి, పొయ్యిలోకి పుల్ల ఎగదోసింది. ఒక్క మాట మాట్లాడలేదు.

మాట్లాడింది మా వదిన. ఇంటి వెనక గుమ్మంలో నిలబడి, “పెట్టె గటు పెట్టుకో మరిదీ. ఇగ గా కొట్టమే నీది” అంది. పోయిన వారం కథ అక్కడ ఆగింది.

“కొట్టం నాదేంది వదినా?” అన్నాను.

“మీ దాదనడుగు” అని ఆమె లోపలికి పోయింది. మా దిక్కు మరాఠీ మాటలు ఎక్కువ. అన్నను దాదా అంటాం.

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా వాడంతా అంటుంది. ముక్కు మీద ఉంటే తుడుచుకునేవాణ్ణి. నా కోపం నాలుక మీద ఉంటుంది, అదీ నా ఖర్మ. పెట్టె అక్కడే పడేసి చెప్పులతోనే ఇంట్లోకి నడిచాను.

అంబదాస్ దాదా పని పీట మీద కూర్చొని చిలక బొమ్మకు ముక్కు ఎరుపు దిద్దుతున్నాడు. ఓడ దిగి, బొంబాయిలో రైలెక్కి, నిజామాబాద్‌లో బస్సు పట్టుకొని రెండేళ్ల తర్వాత తమ్ముడు ఇంటికొస్తే ఆ మనిషి తలెత్తలేదు.

“వచ్చినవా తమ్మీ. మంచిగున్నవా.”

“నా మంచి తర్వాత. గంగు బయట ఎందుకు వండుకుంటుంది?”

“నువ్వు వేరు పడ్డంక నీ పెండ్లాం నీ దిక్కు వండుకుంటది గని నా దిక్కు వండుకుంటదా?”

“నేను వేరు పడ్డనా? ఎప్పుడు?”

“నన్నడుగుతవేంది. నువ్వే రాస్తివి.”

కుంచె కడిగి, చేతులు తుడుచుకొని, రంగుల పెట్టె అడుగు నుంచి ఒక నీలం కాగితం తీశాడు. నేను జపాన్ నుంచి రాసిన మొదటి ఉత్తరం. మడతల దగ్గర చిరుగు పట్టింది. ఎన్నిసార్లు విప్పి మూశాడో. అప్పుడు తలెత్తి, బడిపిల్లవాడు పాఠం అప్పజెప్పినట్టు చదివాడు.

“దాదాకు పర్శరాములు నమస్కారాలు. ఇక్కడి తిండి నాకు పడుతలేదు. అందరితోని కలిసి తినుడు నా తోని కాలేదు. అందుకని నేను వేరు పొయ్యి పెట్టుకున్న. ఇగ నాది నేనే వండుకొని తింటున్న. నా కుండ నాదే. ఎవ్వరి మీద ఆధారం లేదు. నా గురించి ఫికర్ చేయకు.” చదివి కాగితం మడిచాడు. “గిది నీ దస్కతే కదా?”

నాకు మొదట నవ్వు వచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

మీ ఊళ్లో ఈ మాటను ఎలా తీసుకుంటారో నాకు తెలియదు. మా బొమ్మలవాళ్ల వాడలో ‘వేరు పొయ్యి పెట్టుకున్నాడు’ అంటే స్టవ్వు కొన్నాడని కాదు. అన్నదమ్ముల పొత్తు తెగిపోయిందని. ఆ మాట ఒకడు తన నోటితో అంటే చాలు, పెద్దమనిషిని పిలిచి వాటాలు వేస్తారు. ఆ వాడలోనే పుట్టి పెరిగిన నాకు ఈ సంగతి తెలియదా? తెలుసు. కానీ ఆ చలిదేశంలో, జన్మలో మొదటిసారి నా అన్నం నేను వండుకున్న రోజున, కడుపు నిండిన సంతోషంలో చేతికి వచ్చిన మాట రాసేశాను. రాసి, తడిపి, అంటించి డబ్బాలో వేశాను. బుద్ధి ఉన్నవాడెవడైనా ఆ మాట రాస్తాడా? నేను రాశాను.

“దాదా, అది అన్నం వండుకునే పొయ్యి” అన్నాను. “గ్యాసునూనె పొయ్యి. అక్కడి హాస్టల్ల తిండి తినలేక కొనుక్కున్న. వేరు పడుడు కాదు.”

“రాసింది గట్ల లేదు.”

“నీకు తెలువదా? నీ తమ్ముడు సముద్రం అవుతల ఉండి నీ తోని వేరు పడుతడా?”

“అవుతల ఉన్నంకనే పడుతరు” అన్నాడు. “హనుమండ్లు తాత ముందటనే సదివిన. ఇల్లు, పనిపీటలు నాకు. కొట్టం, అండ్ల చెక్క నీకు. ఐపోయింది. రెండేండ్లాయె.”

ఎంత నిమ్మళంగా చెప్పాడనుకున్నారు. నేను అక్కడ అన్నానికి ఎసరు పెట్టుకుంటే ఈయన ఇక్కడ నా సంసారానికే ఎసరు పెట్టాడు. ఇల్లు పోతే పోనీ, పీటలు పోతే పోనీ. నా పెళ్లాన్ని గడప బయట కూర్చోబెట్టి, ఎండలో వానలో ఒంటరిగా వండించాడు. నాకు కావలసింది ఒక్కటే. గంగు లేచి, ఆ మూడు రాళ్లు తన్నేసి, మళ్లీ ఇంట్లోకి నడవాలి. అది జరిగేదాకా ఆ ఇంట్లో మంచినీళ్లు ముట్టనని అక్కడే చెప్పేశాను. చెప్పి, హనుమండ్లు తాత ఇంటికి పోయాను.

తాతకు డెబ్బై దాటాయి. జీవితమంతా సన్న కుంచె పట్టి చూపు సగం పోగొట్టుకున్నాడు. మా వాడలో వాటాలు వేయాలన్నా కలపాలన్నా ఆయనే. చేయి పట్టుకొని తీసుకొచ్చి, కొట్టం ముందు మొద్దు మీద కూర్చోబెట్టాను. దాదా వచ్చి గోడకానుకొని నిలబడ్డాడు. వదిన గుమ్మంలో ఉంది. బావ ముందు ఆడమనిషి ఎదురుపడి మాట్లాడే అలవాటు మా ఇళ్లలో లేదు కనుక గంగు కొట్టం తలుపు వెనక్కి జరిగింది. ఆమె గాజులు మాత్రం కనబడుతున్నాయి. రాళ్ల మీద కుండ పొగలు కక్కుతోంది.

తాత అంతా విన్నాడు. విని, ఆయన అడిగిన మొదటి మాట ఇది.

“అక్కడ ఏం వండుకున్నవ్ రా?”

“అదెందుకు తాతా ఇప్పుడు?”

“చెప్పు. వేరు పడ్డోడు ఎట్ల వండుకుంటడో నాకెరుక. ఆకలికి వండుకునేటోడు ఎట్ల వండుకుంటడో సుత ఎరుకనే.”

చెప్పాను. కోపంగానే మొదలుపెట్టాను. హాస్టల్లో పొద్దున లేస్తే చేప, మధ్యాహ్నం చేప, రాత్రి చేప. గోదావరి చేప తిని పెరిగినవాణ్ణి, చేపంటే నాకేం భయం? కానీ అందులో ఉప్పు తక్కువ, కారం సున్నా, పైగా తీపి. పచ్చిదే కోసి పెట్టిన రోజులూ ఉన్నాయి. ఇరవై రోజుల్లో నా పంట్లాం జారడం మొదలైంది. మా గురువు చూసి, తనకు తెలిసిన ఒక ముసలమ్మ ఇంట్లో చాపలు పరిచిన గది ఇప్పించాడు. పోపు ఘాటుకు ఆమె తుమ్మి తుమ్మి, తన వంటింట్లో నేను అడుగు పెట్టకూడదంది. అప్పుడు కొన్నాను ఆ కిరసనాయిలు స్టవ్వు. ఒక గిన్నె, ఒక గరిటె, ఒక మూత.

“బియ్యం దొరుకుతయా?”

“దొరుకుతయి. మన లెక్క కాదు. పొట్టి గింజ. అన్నం జిగురు జిగురు ఉంటది. గంజి వారుద్దామంటే గంజే అన్నం, అన్నమే గంజి. గరిటె నిలబెడితే నిలబడతది.”

తాత నవ్వాడు. ఆ నవ్వుతో నాకు ఊపు వచ్చింది. కూర అంటే గోబిగడ్డ, అదే క్యాబేజీ, లేకుంటే ముల్లంగి. ముల్లంగి ఆకు ఆ ఊరి వాళ్లు పారేస్తుంటే నేను అడిగి తెచ్చుకొని, ఎల్లిపాయ వేసి వేయించుకునేవాణ్ణి. ఇంటి నుంచి తీసుకుపోయిన కారం డబ్బా నాలుగు నెలలకు అడుగంటింది. ఆ తర్వాత అక్కడి మిరపకాయలు గిన్నె మీద కాల్చి నలుపుకొన్నాను. గుడ్డు దొరికిన రోజు పండగ. అన్నిటికంటే పెద్ద బాధ పులుపు. చింతపండు అన్న మాటే ఆ దేశంలో లేదు. చివరికి ఆ ముసలమ్మ ఉప్పులో ఊరేసి దాచుకున్న పుల్లటి పండ్లు చూసి, రెండు అడుక్కొని, నీళ్లలో పిసికి, ఉల్లిగడ్డ కోసి వేసి పచ్చిపులుసు చేశాను. ఉప్పెక్కువై నోరు పొక్కింది. అయినా గిన్నె ఎత్తి తాగేశాను.

“అన్నిటికన్న కష్టం ఏంది తెలుసా తాతా? ఒక్కనికి వండుడు. మనింట్ల ఏనాడన్న ఒక్క మనిషికి ఎసరు పెట్టినమా? కన్ను అలవాటు తప్పలే. మొదటి నెలంతా ఎంత తక్కువ పోద్దామన్నా ఇద్దరికి సరిపోను ఉడికేది. మిగిలింది ముసలమ్మ కుక్కకు పెట్టేటోణ్ణి. షిరో దాని పేరు. నేను గరిటె చప్పుడు చేస్తే చాలు, వాకిట్ల హాజరు. నెల తర్వాత కొలత దొరికింది. ఎడమచేతి నిండ, అంతే. ఒక్క మెతుకు మిగలకపోయేది.”

గర్వంగా చెప్పాను. తలుపు వెనక గాజులు ఒకసారి చప్పుడైనట్టు అనిపించింది. నేను పట్టించుకోలేదు. నా మనసంతా ఉత్తరం మీద ఉంది.

“తాతా, ఆ రోజు నీ ముందట ఈ ఉత్తరం అంతా సదివిండా?”

“సదివిండనే అనుకున్న. నాకు అక్షరాలు ఆనయి గద.”

దాదా చేతిలోంచి కాగితం లాక్కున్నాను. కింది మడత విప్పాను. పైన రాసిన ముక్కకు దిగువన, అంటించే అంచు బయటి వైపు కూడా వదలకుండా సన్నగా రాసి ఉంది. పెద్దగా చదివాను. “మన ఇంటి చింతపండు ఒక సేరు గింజలు తీసి, గుడ్డల కట్టి, టపాల పంపు. మనింటిది తినక నోరు సచ్చిపోయింది. రాంగనే మనింట్ల కడుపునిండ తింట.”

పొయ్యి మీద కుండ మూత కదిలింది. తాత దాదా వైపు తిరిగాడు.

“వేరు పడ్డోడు చింతపండు అడుగడు అంబదాసూ. అడిగినా మనింటిది అనడు. గీ ముక్క ఆనాడు సదువలే నువ్వు.”

“సదివిన” అన్నాడు దాదా. “నాకు నేను సదువుకున్న.”

ఇంకేం కావాలి చెప్పండి. నేను లేచాను. రెండేళ్లు ఆ చింతపండు కోసం టపావాడి దారి చూశాను. ఇల్లు మరిచిపోయిందేమో అనుకున్నాను, ఓడలో పోయిందేమో అనుకున్నాను. ఈయన చదివి, మడిచి, రంగుల పెట్టెలో దాచుకున్నాడు. అన్న అన్న పేరుకే సిగ్గుచేటని, నా నోటికి ఏది వస్తే అది అన్నాను. పత్రికలో అచ్చు వేయలేని మాటలు కూడా కొన్ని అన్నాను.

దాదా అంతా విన్నాడు. ఆయనకు కోపం వస్తే గొంతు తగ్గుతుంది.

“ఐపోయిందా? నేనొక్క మాట చెప్త. సర్కారోళ్లు మన బొమ్మలు సూసి మనింటికొచ్చిన్రు. గవి ఎవల చేతులయి? నావి. వాళ్లు మెచ్చిన లేడి బొమ్మకు కన్ను దిద్దింది నేను. దస్కతు ఇంగ్లీషుల పెట్టరాదని నన్ను పక్కకు కూసోబెట్టి నీ పేరు రాసుకున్నరు. నువ్వు నాలుగు తరగతులు ఎట్ల సదివినవ్? నేను పీట మీద కూసుంటెనే సదివినవ్. నువ్వు ఓడెక్కినవ్. నేను అదే పీట మీద కూసున్న. రెండు నెలలకు ఉత్తరమొచ్చింది, నా కుండ నాదే అని. నువ్వు గా మాట ఊకెనే రాసినవో, మనసుల ఉండి రాసినవో, నాకేం ఎరుక? నాకు గట్లనే వినవడ్డది.”

ఈ సంగతి నాకు తెలియదు. నా పేరు రాసుకున్న రోజు దాదా నా నెత్తిన చేయి పెట్టి దీవించాడు. కానీ కోపంలో ఉన్నవాడికి ఎదుటివాడి బాధ కూడా నిందలాగే వినిపిస్తుంది. “దానికి గంగు ఏం చేసింది? నా మీద కోపముంటే నా మీద తీర్చుకో, ఆడమనిషిని బయటికి గెంటుతవా?” అన్నాను.

“నేను గెంటలే” అన్నాడు.

“మల్ల ఎవరు గెంటిన్రు?”

తాత చేయెత్తాడు. ఇద్దరం ఆగాం.

“ఒక్క మాట తేలితే అన్ని తేల్తయి” అన్నాడు తాత. “మాటతోని వాటాలు పడుతయి గని, మాటతోనే పొత్తు తెగదు. నిప్పు పంచుకుంటెనే తెగుతది. మీ నాయిన, మీ చిన్నాయిన వేరు పడ్డనాడు నేనే ఉన్న. ఇంటి పొయ్యిల నిప్పు పెంకు మీద తీసి, కొత్త పొయ్యిల పెడితెనే అది వేరు పొయ్యి. లేకపోతే పదేండ్లు దూరం దూరం వండుకున్నా ఒక్క పొయ్యే. నాడు ఉత్తరం సదివిన్రు. పర్శరాములు లేడు కదా, మనిషి లేంది నిప్పెట్ల పంచుతమని నేను లేసి పోయిన. అంబదాసూ, నువ్వు నిప్పిచ్చినవా?”

దాదా నన్ను ఏం చేసినా, మొహం మీద అడిగితే అబద్ధం ఆడడు. అది నాకు తెలుసు.

“ఇయ్యలే. నా చేతుల నుంచి ఇయ్యలే.”

అయిపోయింది. నాకు ఒళ్లంతా తేలికైంది. నా పొయ్యి జపాన్ అగ్గిపుల్లతో ముట్టించుకున్నది, అందులో మా ఇంటి నిప్పు ఎక్కడిది? దాదా నిప్పు ఇవ్వలేదు. ఇక గంగు కూడా అగ్గిపెట్టెతో ముట్టించుకున్నానని ఒక్క మాట అంటే చాలు. ఉత్తరం చిత్తుకాగితం. ఇల్లు ఇల్లే, పొత్తు పొత్తే, ఆ మూడు రాళ్లు నేనే తీసుకుపోయి బావి వెనక పడేస్తాను. తాత కూడా అదే అనుకున్నట్టుంది. ముఖం తలుపు వైపు తిప్పి, జవాబు తానే నోట్లో పెట్టినట్టు అడిగాడు.

“బిడ్డా గంగూ. అగ్గిపుల్ల గీసే ముట్టించుకున్నవ్ గద?”

గంగు తలుపు వెనక నుంచి బయటికి వచ్చింది. నెత్తి మీద కొంగు సర్దుకుంది కానీ బావను చూసి పక్కకు తప్పుకోలేదు. రెండేళ్లలో చిక్కిపోయింది. చేతుల మీద చిన్న చిన్న కాలిన మచ్చలున్నాయి. ఇంట్లో పెద్ద పొయ్యి దగ్గర నేనెప్పుడూ ఆమె చేతులు చూడలేదని అప్పుడు గుర్తొచ్చింది.

“లేదు తాతా. నిప్పు తీసుకున్న. ఇంటి పొయ్యిల నుంచి నా చేతులతోనే, పెంకు మీద తీసుకున్న. అక్క సూసింది, బావ సూసిండు. ఎవ్వరు వద్దనలే.”

నేను తాత ముఖం చూశాను. తాత దాదా ముఖం చూశాడు. దాదా అవునన్నట్టు తల ఊపాడు.

“ఎందుకు తీసుకున్నవ్ బిడ్డా?”

“గాయన చింతపండు అడిగిండని టపా ఆయన చెప్పిండు. ఉత్తరం ఇచ్చేటప్పుడు అంచు మీద కనవడ్డదట. నేను సేరు చింతపండు గింజలు తీసి, ఎండవెట్టి, మూట కట్టిన. పంపున్రి అని అక్కతోని బావకు చెప్పిపిచ్చిన. వేరు పడ్డోనికి గీ ఇంటి చింతపండు లేదన్నరు.” ఆమె గొంతు తడబడలేదు. “గట్లయితే వేరు పడ్డోని పెండ్లానికి గీ ఇంటి అన్నం ఎందుకని నిప్పు తీసుకున్న. ఎవ్వరు గెంటలే. నేనే వచ్చిన. మెట్‌పల్లి తల్లిగారింటి నుంచి మా అవ్వ రెండుసార్లు పిలిసింది. పోలే.”

కొట్టంలోకి చూశాను. వాసానికి ఒక గుడ్డ మూట వేలాడుతోంది. రెండేళ్ల చింతపండు నల్లబడింది, గుడ్డ మీద మరకలు దిగాయి. నా గుండె నిండిపోయింది. నా కోసం. నా కోసమే ఈమె గడప దాటింది. దాదా వైపు తిరిగి, ఇప్పుడేమంటావన్నట్టు చూశాను. ఆ పొగరు ఎంతసేపో ఉండలేదు.

“నాకింక మాటున్నది తాతా” అంది గంగు. “దాని తర్వాత ఇంక మూడు ఉత్తరాలొచ్చినయ్. అక్కనడిగి తీసుకొని టపా ఆయనతోని మల్ల మల్ల సదివిపిచ్చుకున్న. అన్నం ఎట్ల జిగురు పట్టిందో ఉన్నది. గోబిగడ్డ ఉన్నది. ముల్లంగి ఆకు ఉన్నది. గా ముసలామె ఉన్నది. ఆమె కుక్క ఉన్నది, దాని పేరు సుత ఉన్నది. నా పేరు లేదు.”

పెద్దవాళ్లకు రాసే ఉత్తరంలో పెళ్లాం ఊసు ఎత్తడం మా ఇంట్లో మర్యాద కాదు. అందుకే రాయలేదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. షిరో పేరు రాసినవాడికి ఆ మర్యాద ఎక్కడిదని నాకే అనిపించి మింగేశాను.

“నాలుగు ఉత్తరాలల్ల నేను ఇది తిన్న, నేను అది తిన్న అనే ఉన్నది. గంగు తిన్నదా అని ఒక్క ముక్క లేదు. బిచ్చానికొచ్చినోణ్ణి సుత తిన్నవా అని అడుగుతం మనం.”

తాత గొంతు సవరించుకున్నాడు. “అయితే వేరు పడ్డది వాడు కాదు, నువ్వు. బిడ్డా, సరిగ్గ చెప్పు. ఎవలతోని వేరు పడ్డవ్? మీ బావతోనా, నీ మొగనితోనా?”

గంగు వంగి కుండ దించింది. పక్కన పడి ఉన్న పెంకు తీసి, పొయ్యిలోంచి రెండు ఎర్రటి నిప్పులు దాని మీదికి లాగింది. లేచి, నా ఎదురుగా వచ్చి నిలబడింది. రెండేళ్ల తర్వాత మొదటిసారి నా ముఖంలోకి చూసి, నాతో మాట్లాడింది.

“మొదటి నెలంత ఇద్దరికి సరిపోను ఉడికేదని ఇప్పుడే నవ్వుకుంట చెప్పినవ్. మిగిలింది కుక్కకు పెట్టిన అన్నవ్. గా రెండో ముద్ద ఎవలదని ఒక్క పూటన్న నీకు యాదికొచ్చిందా? వస్తే వచ్చిందని చెప్పు, పెద్ద కుండ తీస్త. రాకపోతే గిదిగో.” పెంకు నా ముందుకు చాపింది. “ఇగ మన ఇద్దరి నడుమనే నిప్పు పంచుకుందాం. కొట్టం నీది, అటు దిక్కు నువ్వు ముట్టించుకో.”

తాత, దాదా, వదిన, ముగ్గురూ నన్నే చూస్తున్నారు. నాలుక మీదే కోపం ఉంటుందన్నానే, ఆ నాలుక ఇప్పుడు కదలడం లేదు. వచ్చిందని అబద్ధం చెప్పవచ్చు. చెబితే ఆమె నమ్మవచ్చు కూడా. పెంకు వేడికి ఆమె వేళ్లు ఎర్రబడుతున్నాయి. ఆమె చేయి వెనక్కి తీయలేదు.